పసరుకూ పరీక్ష పెట్టాల్సిందే

మొక్క మందు కాపాడుతుందా అన్నది ఒక ప్రశ్న. హాని చేయకుండా ఉంటుందా అన్నది మరో ప్రశ్న. ఒకదానికి దొరికిన జవాబును రెండోదానికి వాడుకోవడంలోనే అసలు ప్రమాదం ఉంది.

2021 మే 21. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలం కృష్ణపట్నం. కరోనా సెకండ్ వేవ్ ఊళ్లకు ఊళ్లను ఊపేస్తున్న రోజులవి. ఆస్పత్రుల్లో పడకలు లేవు, ఆక్సిజన్ దొరకడం లేదు. ఆ ఊరి నాటువైద్యుడు ఆనందయ్య కరోనాకు మందు పంచుతున్నారన్న కబురు ఫోన్ల మీదుగా రెండు రాష్ట్రాలనూ చుట్టేసింది. తెల్లారేసరికి ఊరి దారి నిండిపోయింది. కార్లు, ఆటోలు, అంబులెన్సులు కిలోమీటర్ల పొడవున నిలిచిపోయాయి. ఊపిరి అందని తల్లిదండ్రులను ఒళ్లో పడుకోబెట్టుకుని వచ్చినవాళ్లున్నారు. జనాన్ని అదుపు చేయలేక ఆ రోజు పంపిణీ ఆపేశారు.

పది రోజుల తర్వాత, మే 31న, రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయం వెలువడింది. కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి నివేదిక చూసి పీ, ఎల్, ఎఫ్ అనే మూడు మందులకు అనుమతి ఇచ్చారు. ఆనందయ్య ఇస్తున్న కంటి చుక్కలకు ఇవ్వలేదు. ఆ మూడు మందుల వల్ల హాని కనిపించలేదని, అయితే వాటితో కొవిడ్ తగ్గుతుందనడానికి ఆధారాలు లేవని, డాక్టర్లు రాసిన మందులు ఆపొద్దని చెప్పారు.

ఊళ్లోకి చేరేసరికి ఈ ప్రకటన రెండు ముక్కలైంది. నమ్మినవాళ్లు 'ప్రభుత్వమే ఒప్పుకుంది' అన్నారు. నమ్మనివాళ్లు 'పనిచేయదని తేల్చేశారు' అన్నారు. నిజానికి అందులో వేర్వేరు ప్రశ్నలకు వేర్వేరు జవాబులున్నాయి. హాని కనిపించలేదంటే పనిచేస్తుందని కాదు. కంటి చుక్కల విషయంలో హాని లేదన్న భరోసా కూడా అప్పటికి రాలేదు. కంట్లో వేసేది ఏదైనా సూక్ష్మక్రిములు లేకుండా శుభ్రంగా ఉండాలి. నోటితో మింగేదానికి సరిపోయే పరీక్ష దానికి చాలదు.

ఆ గందరగోళం కరోనాతో పోలేదు. తిప్పతీగ మాత్రలు, పసుపు క్యాప్సూళ్లు, మునగాకు పొడులు, 'లివర్ డిటాక్స్' సీసాలు ఇప్పుడు ఫోన్‌లో వేలు తాకిస్తే ఇంటికి వస్తున్నాయి. అందుకే ఈ రెండు ప్రశ్నలనూ విడివిడిగా, ఓపిగ్గా అడగడం నేర్చుకోవాలి.

ఆకు వేరు, సారం వేరు

పప్పులో వేసే చిటికెడు పసుపు తరతరాలుగా మన ఒంటికి అలవాటైనది. పసుపు పొడిలో కర్కుమిన్ అనే రసాయనం నూటికి మూడు పాళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. చెంచా పొడిలో ఉండేది ఏ వంద మిల్లీగ్రాములో. ఆ కాస్తలో కూడా చాలా భాగం రక్తంలోకి చేరకుండానే బయటికి పోతుంది.

బజారులో దొరికే పసుపు సారం సంగతి అలా కాదు. ఒక్కో క్యాప్సూల్‌లో ఐదొందల మిల్లీగ్రాముల సారం ఉంటే, అందులో 95 శాతం కర్కుమిన్ వర్గపు రసాయనాలే ఉండవచ్చు. అది ఒంటికి బాగా పట్టాలని మిరియాల సారం పైపరిన్ కలుపుతారు. పైపరిన్ తోడైతే కర్కుమిన్ శరీరానికి అందే మోతాదు 20 రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు మనుషుల మీదే చూపించారు. ఇలాంటి పసుపు ఉత్పత్తులు వాడి కాలేయం దెబ్బతిన్న పదిమంది వివరాలను 2022లో అమెరికా వైద్యులు ప్రచురించారు. వాళ్లలో ఒకరు చనిపోయారు. ఎక్కువమందిలో ఒకే రకమైన రోగనిరోధక జన్యువు కనిపించింది.

దీన్నిబట్టి పసుపు విషమని ఎవరూ అనడం లేదు. వంటింటి పసుపుకు పూర్వీకుల అనుభవం సాక్ష్యం చెబుతుంది. సారానికి ఆ సాక్ష్యం చెల్లదు. దాన్ని ఏ ద్రావణితో తీశారు, ఎంత చిక్కబరిచారు, దేనితో కలిపారు అన్నదాన్ని బట్టి అది కొత్త పదార్థం అవుతుంది. నీళ్లలో కాచితే కొన్ని రసాయనాలు దిగుతాయి, ఆల్కహాల్‌లో నానబెడితే మరికొన్ని దిగుతాయి, హెక్సేన్ వంటి ద్రావణుల్లో నూనె గుణమున్నవి దిగుతాయి. ఒకే వేరు నుంచి మూడు రకాల సారాలు తీస్తే అవి మూడు మందులు. మూడింటినీ విడివిడిగా పరీక్షించాల్సిందే.

ఎలుక చెప్పే సాక్ష్యం

మన ఫార్మసీ కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో మొక్కల సారాల మీద జరిగే పనిలో చాలా భాగం ఎలుకలతోనే మొదలవుతుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాల పాటు దేశంలోని ప్రయోగశాలలకు ఎలుకలను, చిట్టెలుకలను అందించింది. ప్రయోగానికి ముందు సంస్థ నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి. ఎన్ని జంతువులు, ఎందుకు, వాటి బాధ తగ్గించడానికి ఏం చేస్తారన్నది ముందే రాసి ఇవ్వాలి.

మొదట చూసేది భద్రత. మూడేసి ఎలుకలకు సారం ఒక్కసారి పట్టించి 14 రోజులు గమనిస్తారు. తిండి తగ్గిందా, వణుకు వచ్చిందా, బరువు పడిపోయిందా అని చూస్తారు. కిలో బరువుకు 2000 మిల్లీగ్రాములు ఇచ్చినా తట్టుకుంటే తక్షణ విషం పెద్దగా లేదని రాస్తారు. చాలా పరిశోధన పత్రాల్లో 'సురక్షితం' అన్న మాటకు ఆధారం ఈ ఒక్క పరీక్షే. రోజూ వాడితే ఏమవుతుందో తెలియాలంటే 28 రోజులు, ఆపైన 90 రోజులు ఇచ్చి రక్తం, కాలేయం, మూత్రపిండాలు చూడాలి. జన్యువులకు, గర్భంలోని పిండానికి హాని ఉందేమో వేరే పరీక్షలు చేయాలి. ఖర్చు, సమయం పెరిగే కొద్దీ ఈ మెట్లు ఎక్కే మొక్కలు తగ్గిపోతాయి.

తర్వాత రక్షణ పరీక్ష. ఎలుకలను గుంపులుగా విడదీస్తారు. ఒక గుంపుకు ఏమీ ఇవ్వరు. ఒక గుంపుకు కాలేయాన్ని దెబ్బతీసే కార్బన్ టెట్రాక్లోరైడ్ గానీ, ఎక్కువ మోతాదు పారాసెటమాల్ గానీ ఇస్తారు. ఇంకో గుంపుకు పోలిక కోసం ముందుగా మిల్క్ థిజిల్ అనే ముళ్ల మొక్క నుంచి తీసిన సిలిమరిన్ పట్టించి, ఆపైన విషం ఇస్తారు. మిగిలిన గుంపులకు సిలిమరిన్‌కు బదులు పరీక్షిస్తున్న సారం. చివర్లో రక్తంలో కాలేయం దెబ్బతిన్న తీరును చెప్పే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, బిలిరుబిన్ కొలుస్తారు, కాలేయం ముక్కను సూక్ష్మదర్శిని కింద చూస్తారు. సారం తీసుకున్న ఎలుకల్లో అంకెలు తక్కువగా ఉంటే కాలేయ రక్షక గుణం ఉన్నట్టు.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. ఎలుకకు మందు ముందు, విషం తర్వాత. మనిషి మాత్రం కాలేయం దెబ్బతిన్నాకే మందు కోసం వస్తాడు. రెండో మెలిక ఇంకా లోతైనది. కార్బన్ టెట్రాక్లోరైడ్‌ను అసలు విషంగా మార్చేది కాలేయంలోని ఒక ఎంజైమే. సారం ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటే చాలు, ఎలుక కాలేయం నిక్షేపంగా ఉంటుంది. అంతమాత్రాన ఆ సారం కాలేయానికి బలమిచ్చినట్టు కాదు. పైగా మనిషిలోనూ అలాంటి ఎంజైమ్‌లను అడ్డుకుంటే, అతను వాడుతున్న ఇతర మందుల మోతాదు రక్తంలో తారుమారు కావచ్చు. ఎలుకకు రక్షణగా కనిపించిన గుణమే మనిషికి చిక్కు తెచ్చిపెట్టవచ్చు.

---

ఎలుక మోతాదు, మనిషి మోతాదు

• ఎలుకకు కిలో బరువుకు ఇచ్చిన మోతాదును 6.2తో భాగిస్తే మనిషికి సమానమైన మోతాదు సుమారుగా తెలుస్తుంది.

• ఎలుకకు కిలోకు 400 మిల్లీగ్రాములు పనిచేస్తే, 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 4 గ్రాముల సారం కావాలి.

• వంద గ్రాముల ఎండు ఆకు నుంచి పది గ్రాముల సారం వస్తుందనుకుంటే, అది 40 గ్రాముల ఎండు ఆకుతో సమానం.

• అంటే ఎలుకల ఫలితం చూపించి రోజుకో చిన్న మాత్ర అమ్మేవాళ్లు, ఆ ఫలితం వచ్చిన మోతాదును మనకు ఇవ్వనట్టే.

---

నేల ఉసిరి కథ

తెలుగు నేల మీద కామెర్లు అనగానే గుర్తొచ్చేది నేల ఉసిరి. దీనికి ప్రపంచ స్థాయి పరీక్ష పక్కనే మద్రాసులో జరిగింది. హెపటైటిస్-బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బరూక్ బ్లూంబర్గ్, మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.పి. త్యాగరాజన్ కలిసి పనిచేశారు. వైరస్‌ను ఒంట్లో మోస్తున్నవాళ్లకు నేల ఉసిరి పొడి 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, 30 రోజులు ఇచ్చారు. 1988లో 'లాన్సెట్' పత్రికలో ఫలితాలు వచ్చాయి. మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైంది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది.

ప్రపంచం ఉలిక్కిపడింది. థాయ్‌లాండ్‌లో, న్యూజిలాండ్‌లో మళ్లీ పరీక్షించారు. ఫలితం రాలేదు. ఆ తర్వాత జరిగిన అధ్యయనాలన్నింటినీ కలిపి 2011లో కాక్రేన్ సంస్థ సమీక్షించి, నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది.

ఎందుకిలా? మొదటి పరీక్షలో మనుషుల సంఖ్య చిన్నది. పైగా నేల ఉసిరి పేరుతో గట్ల మీద పెరిగేవి ఒకే జాతి మొక్కలు కావు. చూపుకి అక్కచెల్లెళ్లలా ఉండే నాలుగైదు జాతులున్నాయి. నేల, రుతువు మారితే లోపలి రసాయనాల పాళ్లూ మారతాయి. అందుకే మొక్క పరీక్షలో మొదటి పని పిండడం కాదు, గుర్తించడం. ఏ ఊళ్లో, ఏ నెలలో, ఏ భాగం కోశారో రాసి, నమూనాను ఎండబెట్టి భద్రపరచాలి. అది లేని పరీక్షను ఇంకెవరూ తిరిగి చేసి చూడలేరు.

పసరు ఎందుకు గెలిచినట్టు కనిపిస్తుంది?

"పసరు తాగాడు, పదిహేను రోజుల్లో లేచి తిరిగాడు" అన్న మాట ప్రతి ఊళ్లో వినిపిస్తుంది. ఆ మాట అబద్ధం కాదు. కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ కామెర్లు ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ వారాల్లో ఏ పసరు తాగినా, చేతికి ఏ వాత పెట్టించుకున్నా పేరు దానికే వస్తుంది. మందు తీసుకోని గుంపును పక్కన పెట్టి పోల్చి చూస్తే తప్ప మందు గొప్పో, ఒంటి గొప్పో తెలియదు.

తగ్గనివాళ్లు ఆ కథల్లో ఉండరు. కడుపుతో ఉన్న ఆడబిడ్డకు నెలలు నిండేవేళ హెపటైటిస్-ఇ వస్తే ప్రాణం పోయే ముప్పు చాలా ఎక్కువ. పిత్తనాళానికి రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లు పసరుతో పోవు. పసరు కోసం తిరిగిన ఆ వారమే కొన్నిసార్లు మనిషికీ చావుకీ మధ్య తేడా. పసరు తాగించిన తల్లి ప్రేమలో లోపం లేదు. ఏ కామెర్లకు ఆగవచ్చో, దేనికి పరుగెత్తాలో ఆమెకు ఎవరూ చెప్పకపోవడం మన లోపం.

బ్రస్సెల్స్ చేదు అనుభవం

బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే క్లినిక్ ఒకటి 15 ఏళ్లు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. 1990 మే నెలలో చైనా మూలికలను జోడించారు. రెండేళ్లకు యాభై ఏళ్లు నిండని స్త్రీలు మూత్రపిండాలు చెడి ఆస్పత్రికి రావడం మొదలైంది. ఒక మూలిక స్థానంలో పేరు దగ్గరగా ఉన్న మరో మూలిక, అరిస్టలోకియా జాతిది, వచ్చి చేరిందని పరిశోధనలో తేలింది. బాధితులు వంద దాటారు. కొన్నేళ్ల తర్వాత, పాడైన మూత్రపిండాలను ముందు జాగ్రత్తగా తీయించుకున్న 39 మందిని పరీక్షిస్తే 18 మందిలో మూత్రనాళ వ్యవస్థలో క్యాన్సర్ కనిపించింది.

ఇది మనకు దూరపు కథ కాదు. పాముకాటుకు, విషాలకు మన పల్లెల్లో పేరున్న ఈశ్వరి తీగ, నల్లేశ్వరి అని కూడా పిలిచేది, అదే అరిస్టలోకియా కుటుంబపు మొక్క. అందులోనూ అరిస్టలోకిక్ ఆమ్లం ఉంది. అది మనిషికి క్యాన్సర్ తెచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది.

'తాతల నుంచి వాడుతున్నాం, ఏమీ కాలేదు' అన్న మాట ఇక్కడే చాలకుండా పోతుంది. తాగగానే వాంతి అయితే తాతలకు తెలుస్తుంది, ఆ మొక్కను పక్కన పెడతారు. పదేళ్ల తర్వాత వచ్చిన మూత్రపిండాల జబ్బుకు, ఎప్పుడో తాగిన కషాయానికి ముడి ఉందని ఎంత అనుభవమున్న నాటువైద్యుడికైనా తోచదు. అనుభవం వెంటనే వచ్చే హానిని పట్టుకుంటుంది. నెమ్మదిగా వచ్చేదాన్ని, అరుదుగా వచ్చేదాన్ని పట్టుకోవడానికి లెక్కలు రాసిపెట్టాలి.

తిప్పతీగ తెచ్చిన తగవు

వేప చెట్టుకు పాకిన తిప్పతీగను మన పెద్దలు మెచ్చుకున్నారు. ఎలుకల మీద దాని సారం కాలేయాన్ని కాపాడినట్టు చూపిన పత్రాలూ ఉన్నాయి. 2020 అక్టోబరులో కేంద్ర ఆయుష్ శాఖ కొవిడ్ మార్గదర్శకాల్లో గుడూచీ ఘనవటి, అంటే తిప్పతీగ సారంతో చేసే మాత్ర, చోటు దక్కించుకుంది. మాత్రలు, కషాయాలు ఇంటింటికీ చేరాయి.

2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్టు ప్రచురించారు. మరుసటి ఏడాది హైదరాబాద్ సహా దేశంలోని 13 కేంద్రాల వైద్యులు కలిసి అలాంటి 43 మంది వివరాలు రాశారు. చాలామందిలో కనిపించింది రోగనిరోధక శక్తి సొంత కాలేయం మీదే దాడి చేసే తీరు. థైరాయిడ్, మధుమేహం వంటి జబ్బులున్నవాళ్లూ ఇందులో ఉన్నారు. అసలు తిప్పతీగ సురక్షితమేనని, దానిలాగే ఉండే టినోస్పోరా క్రిస్పా అనే మరో తీగ కలిసి ఉండవచ్చని ఆయుష్ శాఖ వాదించింది.

ఎవరి వాదన ఎలా ఉన్నా, పేదల వాకిట్లో పడ్డ చిక్కు ఒక్కటే. తాను మింగినది ఏ తీగో తేల్చుకునే దారి మింగినవాళ్లకు లేదు. ఎలుకల ఫలితం ఇక్కడ ఎందుకు ఆదుకోలేదో కూడా గమనించాలి. ప్రయోగశాల ఎలుకలు ఒకే తీరు జన్యువులతో, ఆరోగ్యంగా, ఒకే తిండి తింటూ పెరుగుతాయి. అవి ఆటోఇమ్యూన్ ధోరణి ఉన్న నలభై ఏళ్ల గృహిణికి సాక్ష్యం చెప్పలేవు. వెయ్యిమందిలో ఒకరికి వచ్చే హాని కనీసం ఒక్కసారైనా కంటపడాలంటే దాదాపు మూడు వేలమందిని గమనించాలి. అందుకే మందు బజారులోకి వచ్చాక కూడా పరీక్ష ముగియదు.

---

డాక్టర్‌తో చెప్పండి, అమ్మేవాళ్లను అడగండి

• మొక్క శాస్త్రీయ నామం, వాడిన భాగం, సారం తీసిన ద్రావణి, మోతాదు సీసా మీద ఉన్నాయా? తయారీ లైసెన్సు నంబరు ఉందా?

• క్షయ, మూర్ఛ, మధుమేహం మందులు, రక్తం పలుచబరిచే మందులు వాడేవాళ్లు ఏ మూలికా సారాన్నీ సొంతంగా మొదలుపెట్టకూడదు.

• వాడుతుండగా మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దురద పుట్టినా, ఆకలి చచ్చిపోయినా వెంటనే ఆపి లివర్ పరీక్ష చేయించుకోవాలి. మిగిలిన మందును పారేయకుండా డాక్టర్‌కు చూపించాలి.

• గర్భిణికి కామెర్లు కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

• ఆయుర్వేద, యునానీ, సిద్ధ మందుల వల్ల కలిగిన ఇబ్బందులను నమోదు చేయడానికి ఆయుష్ శాఖ ఆధ్వర్యంలో 'ఆయుష్ సురక్ష' వ్యవస్థ ఉంది.

---

పరీక్షకు నిలిచిన మొక్కలు

పరీక్ష అంటే మొక్కను ఓడించే కుట్ర అని భయపడేవాళ్లు రెండు కథలు వినాలి. సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లోనే రాశారు. బొంబాయి డాక్టర్ రుస్తుం జల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో తన రోగుల అనుభవాన్ని ప్రచురించాక ప్రపంచం ఆ వేరు వైపు చూసింది. 1952లో అందులోంచి రెసర్పిన్‌ను వేరుచేశారు. రక్తపోటుకు సరైన మందు లేని కాలంలో అది ఎందరినో నిలబెట్టింది. పెద్ద మోతాదుల్లో వాడితే మనసు కుంగిపోతున్నట్టు కూడా బయటపడింది. మేలు, కీడు రెండూ తెలిశాక వైద్యులు మోతాదు తగ్గించి వాడారు.

చైనా శాస్త్రవేత్త తు యూయూ మలేరియా మందు కోసం పాత గ్రంథాలు తిరగేశారు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ ఒక మొక్కను కాచమనలేదు, నీళ్లలో నానబెట్టి పిండి ఆ రసం తాగమన్నాడు. మన భాషలో చెప్పాలంటే కషాయం వద్దు, పసరే కావాలన్నాడు. వేడికి మందు గుణం పోతోందేమోనని ఆమెకు తట్టింది. తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబరులో అది ఎలుకల్లో మలేరియాను పూర్తిగా అణచేసింది. అయితే జంతువుల మీద భద్రతా పరీక్షల్లో అనుమానాలు తలెత్తాయి. 1972లో తు యూయూ, మరో ఇద్దరు సహచరులు ఆస్పత్రిలో చేరి ముందుగా తామే ఆ సారాన్ని తీసుకున్నారు. తమకు హాని లేదని తేలాకే రోగులకు ఇచ్చారు. అలా పుట్టిన ఆర్టెమిసినిన్ లక్షల ప్రాణాలు కాపాడింది, ఆమెకు 2015లో నోబెల్ వచ్చింది. పాత గ్రంథం ఆమెకు దారి చూపింది. ఆ దారిన నడిచి చేరింది మాత్రం పరీక్షల వల్లే.

చట్టంలో సందు, చేతుల్లో పని

మన దేశంలో ఈ మందులకు 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టమే ఆధారం. 2010లో చేర్చిన 158-బి నిబంధన ప్రకారం, చట్టం గుర్తించిన 50కి పైగా ప్రాచీన గ్రంథాల్లో ఉన్నట్టే చేసే మందుకు కొత్తగా భద్రతా పరీక్ష అక్కర్లేదు. నీళ్లతో తీసిన సారానికీ మినహాయింపు ఉంది. నీళ్లు, నీళ్లు-ఆల్కహాల్ మిశ్రమం కాని ద్రావణులతో తీసిన సారాలకు మాత్రం విషప్రభావ పరీక్షలు కావాలి. తాజాగా కాచిన కషాయానికి ఈ మినహాయింపులో న్యాయముంది. అదే సారాన్ని చిక్కబరిచి, మాత్రలుగా అదిమి, నెలల తరబడి మింగమని కోట్లమందికి అమ్మేటప్పుడు ఆ న్యాయం వర్తించదు. తిప్పతీగ ఉదంతం తర్వాతైనా ఈ నిబంధనను మళ్లీ చూడాలి.

విశ్వవిద్యాలయాలకూ ఒక విన్నపం. ఏటా వందల మొక్కల సారాలు ఎలుకల దగ్గర ఆగిపోతున్నాయి. వంద మొక్కలను మొదటి మెట్టు మీద వదిలేసే బదులు, మన ఏజెన్సీ గిరిజనులు, నాటువైద్యులు నిత్యం వాడే పది మొక్కలను ఎంచుకుని, 90 రోజుల పరీక్ష దాకా, మనుషుల మీద పరీక్ష దాకా తీసుకెళ్తే ఆ జ్ఞానానికి విలువ పెరుగుతుంది. పనికొచ్చిన మొక్క ఫలితంలో ఆ జ్ఞానం ఇచ్చినవాళ్లకు వాటా దక్కాలి.

ఆస్పత్రికి వచ్చిన ఒక తల్లిని డాక్టర్ "ఏమైనా మందులు వాడావా అమ్మా?" అని అడుగుతారు. "లేదు సార్" అంటుంది ఆమె. మూడు వారాలుగా తాగుతున్న ఆకు రసం ఆమె లెక్కలో మందు కాదు. చెబితే తిడతారన్న భయమూ ఉంటుంది. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ప్రతి ఓపీ చీటీ మీద 'ఆకు మందులు, పసర్లు, పొడులు' అని ఒక గడి పెట్టాలి. మందలించకుండా అడిగి నింపాలి. ఆశా కార్యకర్తకు ఈ పని నేర్పడానికి పెద్ద ఖర్చు కాదు. ఆ గడులు నిండితే ఏ మొక్క ఎవరిని కాపాడుతోందో, ఎవరిని దెబ్బతీస్తోందో రెండు మూడేళ్లలో మన ఊళ్ల నుంచే లెక్క తేలుతుంది. తాతలు నోటితో అప్పగించిన జ్ఞానాన్ని మనం మనవళ్లకు రాతపూర్వకంగా, హాని కూడా దాచకుండా అప్పగించాలి.